బొమ్మ పడింది, అందరికీ దండాలు

శనివారం మా ఆస్పత్రి పిల్లల విభాగంలో డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే జన్యు తేడా) మీద పెట్టుకున్న సినిమా ప్రదర్శన బాగా జరిగింది. బాగా అంటే, బొమ్మ పడింది కానీ మొదటి పావుగంట మాట వినపడలేదు. హాస్టల్ గదికి పరుగెత్తి సొంత స్పీకర్ మోసుకొచ్చిన హౌస్‌సర్జన్‌కి మొదటి దండం. నైట్ డ్యూటీల మధ్య కూర్చుని సబ్‌టైటిల్స్ తెలుగులో రాసిపెట్టిన ఇద్దరు పీజీలకు రెండోది.

వేసింది 1996 నాటి బెల్జియం దర్శకుడి సినిమా, 'ది ఎయిత్ డే'. అందులో జార్జ్‌గా వేసిన పాస్కల్ దుకెన్‌కి నిజంగానే డౌన్ సిండ్రోమ్. ఆ ఏడాది కేన్స్‌లో ఉత్తమ నటుడి బహుమతి ఆయనకీ, తోటి నటుడు డానియల్ ఓతెయ్‌కీ కలిపి ఇచ్చారు. డౌన్ సిండ్రోమ్‌లో రెండుండాల్సిన 21వ క్రోమోజోము మూడు ఉంటాయని, అలాంటి పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుందని, థైరాయిడ్ చూడాలని, మెడపూసలు జారే ప్రమాదం ఉందని మా వాళ్లు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఎదురుగా కూర్చున్న మనిషితో ఎలా మాట్లాడాలన్నదానికి మాత్రం ఏ పేపర్లోనూ మార్కుల్లేవు. సినిమా పెట్టింది అందుకే.

అసలు కృతజ్ఞత చెప్పాల్సింది డౌన్ సిండ్రోమ్ ఉన్న తమవాళ్లతో వచ్చి, సినిమా తర్వాత ఉండిపోయిన రెండు కుటుంబాలకు. చర్చ మొదలవగానే ఒక పీజీ లేచి, "అమ్మా, బాబుకి మెడనొప్పి ఏమైనా ఉంటోందా?" అని అడిగాడు. ఆ 'బాబు' వయసు ముప్పై దాటింది. ఆవిడ కోప్పడలేదు. "పక్కనే ఉన్నాడుగా, తననే అడగండి" అంది. మనవాడు గుటక మింగి అటు తిరిగి, "మీకు మెడనొప్పి వస్తుందా అండీ?" అన్నాడు. జవాబు వెంటనే రాలేదు. ముగ్గురు డాక్టర్లు ఆయన బదులు జవాబు చెప్పబోయారు (అందులో నేనూ ఉన్నాను). ఆవిడ చెయ్యి అడ్డంపెట్టి ఆపింది. చివరికి ఆయన నిదానంగా, "నొప్పి లేదు. ఇక్కడ ఏసీ ఎక్కువైంది" అన్నాడు. ఏసీ తగ్గించాం. ఓపీలో ఆ కాస్త సేపు ఎవరికైనా ఇచ్చామా అని అప్పటినుంచీ లెక్క వేసుకుంటున్నాను.

రెండో కుటుంబంలోని అమ్మ, పాప పుట్టినప్పుడు సంగతి ఎలా చెప్పారో చెప్పింది. ఏ ఆస్పత్రో నేను అడగలేదు. డాక్టరు ఫైలు చూస్తూ చెప్పి, ఫైలు మూసి వెళ్లిపోయారట. ఆడపిల్ల పుట్టిందన్న సంతోషం ఆ గదిలో ఎవరూ పంచుకోలేదట. నేనూ ఫైలు చూస్తూ చెప్పిన రోజులున్నాయి. అమ్మా, మా ముందు ఇంత నెమ్మదిగా చెప్పినందుకు మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియదు.

సినిమా చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి. చివర్లో జార్జ్ చనిపోతాడు. మేమంతా కళ్లు తుడుచుకుంటుంటే ఆ ఏసీ పెద్దమనిషి మాత్రం, "ఎందుకు చనిపోవాలి? ఇంటికెళ్లొచ్చుగా" అని నిలదీశాడు. మా దగ్గర జవాబు లేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల సగటు ఆయుష్షు అమెరికాలో 1980ల మొదట్లో పాతికేళ్లు. ఇప్పుడు అరవై దాకా వచ్చింది. గుండె ఆపరేషన్లు అందడం, పిల్లల్ని సంస్థల్లో పడేయకుండా ఇంట్లో పెంచుకోవడం అందుకు పెద్ద కారణాలు. వైద్యం మార్చిన ముగింపుని సినిమా ఇంకా పాతపద్ధతిలోనే పట్టుకుందని పట్టేసింది ఆయనొక్కడే. ముప్పై మంది డాక్టర్లం, మాకు తట్టలేదు.

హాలు ఇప్పించిన హెచ్ఓడీ మేడమ్‌కి, కుర్చీలు సర్ది మళ్లీ ఎత్తిన అటెండర్లకి, టీ పోసి చివరిదాకా నిలబడి సినిమా చూసిన క్యాంటీన్ అన్నకి కూడా పేరుపేరునా దండాలు.

వచ్చేసారి సినిమా తనే ఎంచుతానన్నాడు మా విమర్శకుడు. ఫైట్లు తప్పకుండా ఉండాలట. సరేనన్నాం.