గోదారికి ఎర్రనీరు వచ్చింది

రాజమండ్రి,
ఆదివారం.

చి. బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. గోదారికి ఎర్రనీరు వచ్చింది. ఈ వారం మొత్తానికి విశేషమంటూ ఉంటే అదొక్కటే. ఎవరూ రాలేదు, మేమూ ఎక్కడికీ వెళ్ళలేదు. అయినా నీకు రాయాలనిపించింది.

మంగళవారం పొద్దున్నే కోటిలింగాల రేవు వైపు నడకకి వెళ్ళాను. ముందు రోజు దాకా నీళ్ళలో మెట్లు కనిపించేంత తేటగా ఉండేది. ఆ పొద్దున రేవు పక్కన తేట నీరే ఉంది గానీ, నాలుగు బారల అవతల మట్టి రంగు. నేను చూస్తుండగానే ఆ రంగు ఒడ్డుకి జరిగి జరిగి వచ్చి, మునిగి ఉన్న మెట్టు కాస్తా కనిపించకుండా పోయింది. వల సర్దుకుంటున్నాయన తలెత్తి చూసి "ఇక కింద పులసలు పడతాయండి" అన్నాడు. మనకి ఇక్కడ చుక్క వాన లేదు. ఎక్కడో పైన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ఒడ్డున కురిసిన వాన అక్కడి మట్టిని వెంటబెట్టుకుని మన ఊరి ముందుకొచ్చింది. ఎన్నేళ్ళు చూసినా అది నాకు ఆశ్చర్యమే.

మీ అమ్మ ఆ రోజు నుంచే పేపర్లో ధవళేశ్వరం నీటిమట్టం చూడటం మొదలుపెట్టింది. 11.75 అడుగులకి కదా మొదటి ప్రమాద హెచ్చరిక, ఇప్పుడు ఆ దరిదాపుల్లో కూడా లేదు. అయినా చూస్తుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు గోదారి మధ్య లంకలో మీ పెద్దమ్మ వాళ్ళు పడ్డ అవస్థ తను మర్చిపోలేదు. అంకె చూసి, మీ పెద్దమ్మకి ఫోన్ చేసి "పర్లేదక్కా" అన్నాకే ఇడ్లీ పొయ్యి మీద పెడుతోంది.

శుక్రవారం సాయంత్రం సంగతి చెప్పాలి. ఆషాఢం కదా, వెనక వీధి వాళ్ళ పెరట్లో గోరింటాకు కోసుకొచ్చింది. కాస్త చింతపండు వేసి రోట్లోనే రుబ్బింది, మిక్సీలో వేస్తే సరిగా పండదట. ఎడమ చేతికి తనే పెట్టుకుంది. కుడి చేతికి ఎప్పుడూ నువ్వే పెట్టేదానివి. ఈసారి ఆ చెయ్యి నా ముందు చాపింది. వేలి కొసకి ముద్ద చుట్టి గట్టిగా నొక్కాలట, పల్చగా పెడితే ఎండి రాలిపోతుందట. ఒక్కో వేలికీ చెబుతూ పెట్టించుకుంది. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు. చందమామ కాస్త కోలగా వచ్చింది. "బాగానే ఉందిలెండి" అంది.

రెండు చేతులూ అలా ఉంటే అన్నం ఎలా తింటుంది? నేనే దోసకాయ పప్పులో నెయ్యి వేసి కలిపి ముద్దలు పెట్టాను. నువ్వు పుట్టినప్పుడు ఆస్పత్రిలో అలా పెట్టాను, మళ్ళీ ఇప్పుడే. ఇద్దరం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. ఉప్పు సరిపోయిందా అని అడిగాను, అంతే. తెల్లారేసరికి తన చేతులు ఎర్రగా పండాయి, నా వేళ్ళ కొసలు కూడా. బజార్లో కూరలమ్మే ఆవిడ చూసి "మీకూ పండిందేంటి బాబుగారూ" అని నవ్వింది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది బుజ్జీ.

పై వాటాలో పాప కొత్త పుస్తకాలు తెచ్చి అట్టలు వేయించుకుంది. పేరు నన్నే రాయమంది, నా దస్తూరీ బాగుంటుందట.

నిన్న రాత్రి కరెంటు పోతే డాబా మీద కూర్చున్నాం. చిన్నప్పుడు కళ్ళు మూసుకుని, రైలు ఏ వంతెన మీద వెళ్తోందో చప్పుడుని బట్టి చెప్పేసేదానివి. 1974లో కట్టిన రోడ్డు కం రైలు వంతెన ఇనుముది కాబట్టి దడదడలాడుతుంది, ఆర్చి బ్రిడ్జి కాంక్రీటు కాబట్టి మెత్తగా వినిపిస్తుంది. నిన్న మేమిద్దరం అదే ఆట ఆడాం. పాత హేవలాక్ వంతెన మీద రైళ్ళు నువ్వు పుట్టకముందే, 1997లోనే ఆగిపోయాయి. దాని చప్పుడు మీ అమ్మకీ నాకూ ఇంకా చెవుల్లో ఉంది. కాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం.

నీ ప్రాజెక్టు, డెడ్‌లైన్, టెన్షన్ అన్నీ చెబుతూనే ఉన్నావు. అవి మాకు తెలియాల్సినవే. కానీ పొద్దున్న టీ ఎక్కడ తాగుతున్నావు, నీ గది కిటికీలోంచి ఏం కనిపిస్తుంది, పుణేలో ఈ వానలకి బట్టలు ఎక్కడ ఆరేసుకుంటున్నావు, ఇవేవీ నాకు తెలీవు. అవి రాయమ్మా. ఫోన్లో చెబితే అప్పటికప్పుడే అయిపోతుంది, కాగితం మీదైతే మళ్ళీ మళ్ళీ చదువుకుంటాను.

కందిపొడి, మాగాయ పార్సెల్ వేశాం. మాగాయ సీసా మూత సరిగా బిగించానో లేదోనని అమ్మకి ఒకటే బెంగ. పార్సెల్ నిలువుగా పెట్టి, కింద పాత పేపరు పరుచుకుని విప్పు.

ఆశీస్సులతో,
నాన్న