నిచ్చెన పట్టిన పెద్దాయనకు

వీధి చివరి గోడకు బొమ్మలు వేస్తుంటే ఆగి నిచ్చెన పట్టుకున్న బాబాయిగారూ, మీకు మా అందరి కృతజ్ఞతలు. పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు. పెచ్చులూడే చోటల్లా గీకించి, తడి ఆరాక ప్రైమర్ కొట్టించి, ఆ తర్వాతే రంగు ముట్టనిచ్చారు. వానాకాలం గడిచినా ఒక్క పొర లేవలేదండీ!

"ఏం బొమ్మ కావాలో ముందు ఇక్కడుండేవాళ్లని అడగండి" అన్నదీ మీరే. ఎంత నిజం! అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 1984లో గోడల మీద పిచ్చిరాతలు ఆపడానికి మొదలైన కార్యక్రమం, ఆ రాసే కుర్రాళ్ల చేతికే కుంచెలిచ్చి కుడ్యచిత్రాల ఉద్యమంగా ఎదిగింది. పైపై రంగులతో పేట బాగుపడదు, అక్కడివాళ్ల చెయ్యి పడాలి. చెత్త పోసే ఆ మూలలో ఇప్పుడు పిల్లలు ఆడుకుంటున్నారు, చీకటిపడ్డాక ఆడవాళ్లు కూడా అటుగానే నడుస్తున్నారు.

పక్క గోడ గీకడం మొదలుపెట్టాం. వీలుచూసుకుని రండి.