ఊరొదిలి పొమ్మంటే ఎలా?

ఒరేయ్,

పోయిన ఉత్తరంలో ఓ మాట రాశావు, పందుల ఫారాల వాసన భరించలేనివాళ్ళు ఊరొదిలి పోవచ్చుగా అని. అది నాకు మింగుడుపడలేదురా. అందుకే ఇంత పొడుగు జవాబు.

అమెరికాలో నార్త్ కరోలినా తూర్పు కౌంటీల సంగతే తీసుకో. 1990ల నాటికి అక్కడ పందుల ఫారాలు పుట్టగొడుగుల్లా లేచాయి. షెడ్ల పక్కన చెరువంత గుంటలు తవ్వి పెంట అందులోకి వదులుతారు. నిండుతుంటే ఆ నీళ్ళే పొలాల మీద చిమ్ముతారు. గాలి ఇటు తిరిగిందా, పక్కింటివాళ్ళు ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కోవాలి, కిటికీలు మూసుకోవాలి. చుట్టాల్ని పిలవాలన్నా ముందు గాలి వాటం చూసుకోవాలి. వాళ్ళలో చాలామంది తాతల నాటి నేల మీద ఉన్న నల్లజాతి కుటుంబాలు. ఫారాలే తర్వాత వచ్చాయి. మరి ఎవర్ని పొమ్మంటావు?

అలాగని ఫారం రైతును దుర్మార్గుణ్ణి చేయకు. అక్కడ ఎక్కువమంది మాంసం కంపెనీకి కాంట్రాక్టు మీద పెంచేవాళ్ళే. పందులు, దాణా కంపెనీవి. షెడ్డు, దాని మీది అప్పు, పెంట రైతువి. వాసన మీద ఇరుగుపొరుగు కేసు వేశారనగానే అతని టెన్షన్ అంతా బ్యాంకు వాయిదా గురించే. అతనికీ ఆ ఊరంటే ప్రాణమే. ఇద్దరికీ ఊరి మీద మమకారం ఉంది కాబట్టే గొడవ అంత ముదిరింది. నన్ను కలచివేసేది అదేరా.

1997లో కొత్త ఫారాలకు రాష్ట్రం బ్రేకు వేసింది. 2018లో ఇరుగుపొరుగువాళ్ళ కేసుల్లో జ్యూరీలు కంపెనీదే తప్పని కోట్ల డాలర్ల పరిహారం ఇమ్మన్నాయి. అదే ఏడాది శాసనసభ అలాంటి కేసులు వేయడమే కష్టమయ్యేలా చట్టం మార్చింది. ఎవరు నెగ్గినా మర్నాడు అదే రోడ్డు మీద ఎదురుపడాలి కదా!

1940లలో వాల్టర్ గోల్డ్‌ష్మిట్ అనే మానవశాస్త్రవేత్త కాలిఫోర్నియాలో రెండు ఊళ్ళను పోల్చాడు. పంట విలువ రెండు చోట్లా దాదాపు ఒకటే. చిన్న కమతాల డినూబాలో బడులు, పార్కులు, దుకాణాలు, సంఘాలు ఎక్కువ. పెద్ద కమతాల అర్విన్‌లో తక్కువ. అర్విన్ కొత్తగా వెలిసిన ఊరు, పోలిక సరికాదన్నవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం అందులో నిజం ఉందనిపిస్తుంది. నార్త్ కరోలినాలోనూ లాభం తీసుకునేవాడు ఆ ఊళ్ళోనే కాపురముంటే ఆ పెంట గుంట అలా తెరిచి పెడతాడా?

సరే, నువ్వు లెక్కల మనిషివి కదా. ఆ గుంటల మీద కప్పు వేసే ఖర్చు ఎవరు పెట్టుకోవాలంటావు, కంపెనీయా, అప్పులో ఉన్న ఆ రైతా? వీలు చూసుకుని వివరంగా రాయి.

నీ
మిత్రుడు