బడి వెనక వంకలో మన తొమ్మిదో తరగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి పిల్లలు రెండు వారాలుగా మధ్యాహ్నం పూట బడి వెనక వంక దగ్గరికి వెళ్తున్నారు. ఎందుకని మీలో కొందరు ఫోన్ చేసి అడిగారు, వచ్చే ఏడు పదో తరగతి కదా, సిలబస్ ఏమవుతుందోనని టెన్షన్ కూడా పడ్డారు. మీరు అడగడం న్యాయమే. అందుకే ఈసారి ఉత్తరమంతా దాని గురించే రాస్తున్నాను.

వాళ్లు చదువుతున్న పాఠం ఆవరణ వ్యవస్థలు, అంటే ఒకచోట కలిసి బతికే మొక్కలు, జీవాలు, వాటి నేలా నీళ్లూ, ఎలా మారతాయన్నది. వరద, కరువు, కార్చిచ్చు ప్రకృతి చేసేవి. అడవి నరకడం, ఇసుక తవ్వడం, ఎక్కడి మొక్కనో తెచ్చి నాటడం మనిషి చేసేవి. పిల్లలు నోటు పుస్తకంలో రెండు గళ్లు గీసుకుని బట్టీ పడితే మార్కులు వచ్చేస్తాయి. కానీ మన కడప నేల ఆ రెండు గళ్లలో ఇమడదు, ఆ సంగతి పిల్లలు కళ్లతో చూసి తెలుసుకోవాలని నా పట్టుదల.

కంప చెట్టునే తీసుకోండి, అదే సర్కారు తుమ్మ. అది ఎప్పుడూ ఇక్కడే ఉందని పిల్లలు అనుకున్నారు, నిజానికి మనలో చాలామందిమి అలాగే అనుకుంటాం. 1877లో జమైకా గింజలు తెప్పించి అప్పటి మద్రాసు అటవీ శాఖ నాటించింది మన కమలాపురం దగ్గరే. ఎండు నేలలో బతికి వంటచెరకు ఇస్తుందని తెచ్చిన చెట్టు అది. అది చెరువులు, వంకలు, బీళ్లన్నీ ఎలా ఆక్రమించిందో టీచర్ చెప్పేలోపే మేకలు కాసే ఇంటి పిల్లవాడు చెప్పేశాడు: మేకలు తియ్యటి కాయలు తింటాయి, గింజలు అరగవు, పెంటికల్లో పడినచోటల్లా మొలుస్తాయి. పుస్తకంలో విత్తన వ్యాప్తి అని ఉండేది ఇదే.

పిల్లలు నులక తాడుతో మీటరు చదరాలు కట్టి, కంప కింద ఒకటి, వేపచెట్టు పక్కన ఒకటి, ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టారు. కంప కింద దాదాపు ఉత్త నేలే. దాని నీడా, రాలిన ఆకులూ వేరే మొక్కల్ని లేవనివ్వవు. మూడేళ్ల కిందట నేనే మీ దగ్గర చందా తీసుకుని ఆ కంపంతా కొట్టించాను, మొదళ్లు పెకలించాలని తెలియక వదిలేశాను, రెండు వానలకే చిగుళ్లు లేచి ముందుకంటే గుబురుగా పెరిగింది. ఆ మొదళ్ల దగ్గరే ఇప్పుడు పాఠం జరుగుతోంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రోజు అందరూ కంపను తిడుతుంటే ఒక అమ్మాయి నోరు విప్పలేదు. వాళ్లింట్లో కంప బొగ్గు కాల్చి అమ్మి పిల్లల్ని చదివిస్తున్నారు. మర్నాడు టీచర్ ఆ అమ్మాయినే అడిగారు, మొద్దులు ఎలా పేరుస్తారు, పైన మట్టి ఎందుకు కప్పుతారు, పొగ రంగు చూసి బట్టీ ఎప్పుడు ఆపుతారు అని. ఆమె చెప్తుంటే క్లాసు కదల్లేదు. ఈ చెట్టు మీద బతికే ఇళ్లను పక్కనపెట్టి దాని గురించి పాఠం చెప్పడం నాకు సరైన పని అనిపించదు.

వరద దగ్గరికొస్తే ఇంకా చిక్కు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపుత్తూరు, మందపల్లి వైపు పొలాల్లో ఇసుక మేటలు వేసింది. వాన ప్రకృతిది, కట్ట మనిషిది, మరి ఆ ఇసుక ఏ గడిలో రాయాలి? దీని మీద పిల్లలు ఒక పీరియడంతా వాదించుకున్నారు. చివరికి మూడో గడి గీసుకున్నారు, దానికి ఇంకా పేరు పెట్టలేదు.

కలివికోడి సంగతి వచ్చే వారం. 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిందనుకున్న పిట్ట 1986లో మన లంకమల అడవి అంచున, రెడ్డిపల్లె దగ్గర, ఆ ఊరి మనిషి చేతికే చిక్కింది. దానికి చిక్కటి అడవి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు, పొదలూ మధ్యమధ్య ఖాళీ నేలా కావాలి. పశువులు, మేకలు కొంత మేస్తేనే ఆ ఖాళీ నిలుస్తుంది, మరీ మేస్తే పొదలే ఉండవు. మనిషి వేలు పెట్టిన ప్రతిచోటా నాశనమే అనుకునే పిల్లలకు ఇది తప్పక చెప్పాలి.

శనివారం ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా మళ్లీ వంకకు వెళ్తాం. చెప్పులతో పంపకండి, కంపముల్లు చెప్పును దాటి కాలిలో దిగుతుంది. బూట్లు, టోపీ, నీళ్ల సీసా ఉండాలి.

ఆదివారం పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకురావాలి: వంకలో నీళ్లు ఎన్ని నెలలు ఉండేవి, బావిలో ఎంత లోతు దిగితే నీళ్లు తగిలేవి, ఏ చేపలు పట్టేవాళ్లు, ఇప్పుడు కనపడని పిట్టలేవి. అవ్వనో జేజినో కాసేపు కూర్చోబెట్టి మాట్లాడించండి, ఆ జ్ఞాపకాలు మనకు ఏ పుస్తకంలోనూ దొరకవు. కువైట్‌లో ఉన్న నాన్నలు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు, సోమవారం క్లాసులో వినిపిస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు