హాస్టల్‌లో సినిమా వేసే ముందు

సంపాదకుడికి,

అయ్యా,

హాస్టళ్లు తెరిచి పిల్లలు పెట్టెలతో చేరుకోగానే మన దిక్కు ప్రతి ఏడూ ఒకటే పంచాయితీ. ఆదివారం పూట ఏ సినిమా వేయాలి, దయ్యం సినిమాలు వేయొచ్చా అని. తల్లిదండ్రులు వద్దంటారు, పిల్లలు అవే కావాలంటారు, డ్యూటీలో ఉన్న సారు పెన్‌డ్రైవ్‌లో ఏది ఉంటే అది పెడతాడు. మాటంతా నెత్తురు ఎంత కనిపిస్తుందన్న దాని చుట్టే తిరుగుతుంది. తోటివాళ్ల చేతిలో రోజూ దెబ్బలు తినే పిల్లవాడి కథ తెర మీద నడుస్తుంటే, అదే హాల్లో అలాంటి పిల్లలు కూర్చుని ఉంటారన్న సంగతి ఎవరికీ పట్టదు.

2008లో స్వీడన్‌లో టోమస్ ఆల్ఫ్రెడ్‌సన్ తీసిన ‘లెట్ ది రైట్ వన్ ఇన్’ ఈ కోవ సినిమాల్లో అందరూ చెప్పుకునేది. రెండేళ్లకే అమెరికాలో ‘లెట్ మీ ఇన్’ పేరుతో మళ్లీ తీశారు. ఇందులో ఆస్కర్ అనే పిల్లవాడికి పన్నెండేళ్లు. స్టాక్‌హోమ్ శివారులో తల్లితో ఉంటాడు, తండ్రి వేరేచోట ఉంటాడు. బడిలో ముగ్గురు పోరగాళ్లు అతన్ని సతాయిస్తుంటారు. ఒకనాడు కట్టెతో చెంప మీద కొడితే గాయమవుతుంది. ఇంట్లో అడిగితే పడ్డానని చెప్తాడు. పక్క వాటాలో దిగిన ఏలీ పన్నెండేళ్ల అమ్మాయిలా కనిపించే రక్తపిశాచి. ‘తిరిగి కొట్టు, వాళ్లకన్నా గట్టిగా కొట్టు’ అంటుంది. మన ఊళ్లలో మేనమామలు చెప్పే సలహా కూడా అదే. ఆస్కర్ కొడతాడు, ఆ ముఠా నాయకుడి చెవి చీలుతుంది. అంతటితో తెగిపోదు. వాడి అన్న రంగంలోకి దిగుతాడు. చివర్న ఈతకొలనులో ఆస్కర్ తల నీళ్లలోకి తొక్కి, మూడు నిమిషాలు ఊపిరి బిగబట్టకపోతే కన్ను పోతుందని బెదిరిస్తాడు. అప్పుడు ఏలీ వచ్చి వాళ్లను చీల్చేస్తుంది. కెమెరా మాత్రం ఆస్కర్‌తో పాటు నీటి అడుగునే ఉంటుంది. చప్పుళ్లు మూసుకుపోయి వినిపిస్తాయి, తెగిన అవయవాలు నీళ్లలోకి జారుతుంటే మనకు సంగతి తెలుస్తుంది. నెత్తురు తక్కువ చూపించి ఎక్కువ వణికించడం ఈ దర్శకుడి పనితనం.

ఇందులో పెద్దవాళ్లు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆ కొలను దగ్గర ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నాడు. పోరగాళ్లు బయట చెత్తకు నిప్పు పెట్టి ఆయన్ను అటు రప్పించారు. ఆయన వెళ్లిన ఆ కాసేపట్లోనే అంతా జరిగింది. రక్తపిశాచి రావాల్సి వచ్చిందంటే, అంతకుముందు రావాల్సినవాళ్లెవరూ రాలేదనే.

పిల్లల్లో భయం నాలుగు రోజుల్లో పోతుంది. దెబ్బలు తింటున్న పిల్లవాడి మనసులో ఆ కొలను దృశ్యం ఇచ్చే తృప్తి అంత తొందరగా పోదు. ఎవరో వచ్చి వాళ్లందర్నీ చంపేస్తే బాగుండునన్న ఊహకు ఆ తృప్తే బలమిస్తుంది. ఆ ఊహ తప్పని నేను అనను, దిక్కు లేనప్పుడు అట్లాంటి ఊహే వస్తుంది. అందుకే సినిమా ఆపమని అడగడం లేదు. వేసే పద్ధతి గురించీ, ఆ హాస్టల్ కాపలా గురించీ అడుగుతున్నాను.

ముందు వయసు సంగతి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, పెద్దవాళ్ల తోడుతో చూడాల్సిన సినిమాలకిచ్చే పాత యూఏ సర్టిఫికెట్‌ను యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని మూడుగా విడగొట్టారు. ‘ఏ’ సర్టిఫికెట్ ఉన్న సినిమాకు 18 నిండనివాళ్లను రానివ్వకూడదు. యూఏ పక్కనున్న అంకెను మాత్రం థియేటర్ వాళ్లు పట్టించుకోనక్కర్లేదు, తల్లిదండ్రులో సంరక్షకులో చూసుకోవాలి. హాస్టల్‌లో ఆ సంరక్షకుడు ఎవరు? వార్డెనే. చాలా గురుకులాల్లో ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఒకే ప్రాంగణం, ఒకే హాలు, ఒకే తెర. పదేళ్ల పిల్ల పక్కనే పదిహేడేళ్ల పిల్ల కూర్చుని 16+ సినిమా చూస్తుంది. పెన్‌డ్రైవ్ కాపీల్లో మొదట్లో వచ్చే సర్టిఫికెట్ ముక్కను కోసేస్తారు కాబట్టి అంకె ఎంతో సారుకు కూడా తెలియదు. (అది దొంగ కాపీ అన్న విషయం ఇంకో ఉత్తరానికి వదిలేస్తున్నాను.) ఐదో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఒక ఆట, ఎనిమిదో తరగతి నుంచి పైన ఇంకో ఆట వేయాలి. రెండు ఆదివారాలు పడితే పట్టనీ.

భయం సినిమాను రాత్రి భోజనం తర్వాత వేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. చూసి నేరుగా పడుకుంటారు. చిన్నపిల్లలు చీకట్లో బాత్రూం దాకా వెళ్లలేక బిగబట్టుకుంటారు, పక్క తడుస్తుంది. తెల్లారి ఆ పరుపు ఎండలో వేయగానే ఆ పిల్లవాడికి ఒక పేరు పడుతుంది, ఏడాదంతా అదే పేరుతో ఏడిపిస్తారు. ఏడిపించడం మీద తీసిన సినిమాయే ఏడిపించడానికి కొత్త సాకు ఇచ్చినట్టవుతుంది. కాబట్టి మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టాలి. ఈ స్వీడిష్ సినిమా రెండు గంటలకు ఆరు నిమిషాలు తక్కువ, కాబట్టి వెలుతురుండగానే అయిపోతుంది. తర్వాత ఆటల గంట, ఆ తర్వాత భోజనం. పడుకునేసరికి సగం మరిచిపోతారు.

హాలంతా చీకటి చేయొద్దు. తలుపు దగ్గరా, బాత్రూం దారిలోనూ లైటు వెలగాలి. చిన్నవాళ్లను స్పీకర్ ముందు కాకుండా తలుపు వైపు కూర్చోబెట్టాలి. శబ్దం సంగతి చాలామందికి తెలియదు. ఈ సినిమాల్లో గుసగుసల వెనకాలే ఒక్కసారిగా పెద్ద చప్పుడు వస్తుంది. గుసగుస వినపడాలని వాల్యూం పెంచితే ఆ చప్పుడు చెవులు పగలగొడుతుంది. అన్నిటికన్నా పెద్ద చప్పుడున్న చోటు ముందే చూసుకుని దానికి తగ్గట్టు వాల్యూం పెట్టాలి, మాటలకు సబ్‌టైటిళ్లు పెట్టుకోవాలి. ఇవన్నీ తెలియాలంటే వేసే మనిషి ముందురోజే సినిమా మొత్తం చూసి ఉండాలి, ట్రైలర్ చూస్తే కుదరదు.

అయిపోయాక ‘ఇందులో నీతి ఏమిటి’ అని అడిగితే ‘మంచిగా ఉండాలి సార్’ అని ఒకే గొంతుతో చెప్పి లేచిపోతారు. ‘ఎక్కడెక్కడ పెద్దవాళ్లు వచ్చి ఆపగలిగేవాళ్లు’ అని అడగండి. చెంప మీద గాయం చూసినప్పుడు, టీచర్ మంట దగ్గరికి వెళ్లినప్పుడు అని పిల్లలే చెప్తారు. ఏ పిల్లవాణ్ణీ వేలెత్తి చూపించి ‘నీకూ ఇట్లా జరిగిందా’ అని మాత్రం అడగొద్దు. అడిగిన రాత్రే వాడికి మళ్లీ జరుగుతుంది.

ఏడిపించేవాళ్లు ఎవర్ని ఎంచుకుంటారో పాలమూరు, నల్లగొండ హాస్టళ్లు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ముంబై, పుణె పనులకు వలసపోయిన తల్లిదండ్రుల పిల్లలు మొదట. తల్లిదండ్రులు వచ్చే ఆదివారం ఎవరి దగ్గరికి ఎవరూ రారో మిగతా పిల్లలందరికీ తెలుసు, వాళ్ల సబ్బూ కొబ్బరినూనే ముందు మాయమవుతాయి. దేవరకొండ తండాల నుంచీ, అమ్రాబాద్ చెంచు పెంటల (గూడేల) నుంచీ వచ్చి వేరే యాసలో మాట్లాడేవాళ్లు. మర్రిగూడ వైపు నుంచి వచ్చి ఇంకా పళ్ల మీద ఫ్లోరైడ్ మచ్చలున్న పెద్ద తరగతుల పిల్లలు, నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు.

ఎప్పుడన్నది కూడా లెక్క తెలిసిందే. పొద్దున ఐదింటికి నల్లాల దగ్గర బకెట్ల వరస, రాత్రి స్టడీ అవర్ అయ్యాక లైట్లు ఆర్పేదాకా ఉండే సమయం. సరిగ్గా అప్పుడే డ్యూటీ సారు రిజిస్టర్ సంతకానికో, సరుకుల లెక్కకో, ఫోన్ మాట్లాడటానికో పక్కకు వెళ్తాడు. ఆ రెండు వేళల్లో ఇద్దరు ఉండాలి. రెండో మనిషి వచ్చి నిలబడ్డాకే మొదటి మనిషి కదలాలి. ఇద్దరికి మనుషులు లేరంటారు. నిజమే, ఖాళీలున్నాయి. అలాంటప్పుడు ఆ గంటలో రిజిస్టర్ పనే పెట్టుకోవద్దు.

ఫిర్యాదుల పెట్టె ప్రతి హాస్టల్‌లోనూ గోడకు వేలాడుతుంది, ఖాళీగా. ఆఫీసు గది పక్కన, కెమెరా కింద పెట్టి, తాళం చెవి వార్డెన్ దగ్గర ఉంచితే ఎవరు వేస్తారు? చేతిరాత చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది కూడా. దీనికి ఖర్చు లేని దారి ఉంది. హాస్టల్ పటం ఒకటి గీసి జిరాక్స్ తీయించి, వారానికోసారి అందరికీ ఒక్కొక్కటి ఇవ్వాలి. భయం వేసే చోట ఇంటూ గుర్తు పెట్టి, పొద్దునా రాత్రా అని ఒక గీత గీస్తే చాలు, అక్షరం రాయక్కర్లేదు. భయం లేనివాళ్లు ఖాళీ కాగితమే వేయాలి. అందరూ వేస్తారు కాబట్టి ఎవరు చెప్పారో తెలియదు. ఒకే మూల మీద పది గుర్తులు పడితే ఆ రాత్రి నుంచే అక్కడ మనిషి నిలబడాలి. తాళం చెవి హాస్టల్ బయటి మనిషి దగ్గర, తల్లిదండ్రుల్లో ఒకరి దగ్గర ఉండాలి.

పిల్లల సాయానికున్న 1098 నంబరు ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, మనసు బాగోకపోతే 14416 ఉంది. రెండూ గోడ మీద రాసే ఉంటాయి. ఫోన్ మాత్రం వార్డెన్ గదిలో ఉంటుంది. దాన్ని భోజనశాల వరండాలోకి మార్చాలి.

కొట్టినవాణ్ణి పట్టుకున్నాక ఇద్దర్నీ పిలిచి చేతులు కలిపించి పంపడం మన ఆచారం. దెబ్బ తిన్నవాడు చేతులు కలిపి, అదే డార్మిటరీలో అదే మంచం మీద పడుకుంటాడు. ముందు కొట్టినవాడి మంచం మార్చాలి. విడివిడిగా మాట్లాడాలి. ర్యాగింగ్ నిషేధ చట్టం మన దగ్గర 1997 నుంచే ఉంది. ఏడిపించి అవమానపరిచినా ఆరు నెలల దాకా శిక్ష ఉంది, తెలిసీ చర్య తీసుకోని యాజమాన్యాన్ని ప్రోత్సహించినవాళ్లుగానే చూస్తుంది. కొట్టినవాడూ మైనరే అయితే వాడి వ్యవహారం జువెనైల్ జస్టిస్ బోర్డుకు పోతుంది. పెద్దల బాధ్యతకు ఆ మినహాయింపు లేదు.

ఇక మీ పత్రికను కోరేది ఒకటుంది. సినిమా పేజీలో ప్రతి సినిమా పేరు పక్కన నటీనటుల పేర్లు వేస్తారు కదా, సర్టిఫికెట్ అంకె కూడా వేయండి. ఆదివారం పెన్‌డ్రైవ్ పట్టుకున్న సారుకు అది వెతుక్కోకుండా దొరుకుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా