ఉప్పుమడుల్లో కమిలిన వీపు

నెల్లూరు,
ఏప్రిల్ 28

బావా,

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. సెలవులు ఇవ్వగానే పిల్లలతో వస్తున్నారని, మైపాడులో ఒక పగలంతా గడపాలని చెల్లెమ్మ ముచ్చటపడుతోందని చదివి ఇంట్లో అందరం సంబరపడ్డాం. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. పది రోజుల కిందట నా వీపూ భుజాలూ ఎండకు కమిలిపోయి, కుర్చీకి ఆనుకుని కూర్చోలేకపోయాను. ఆ సంగతంతా నీకు చెప్పకుండా మీ పిల్లల్ని సముద్రం ఒడ్డున నిలబెట్టడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

ఇసకపల్లిలో మా మేనమామ ఉప్పుమడులు కౌలుకు చేస్తున్నాడు కదా. ఇద్దరు కూలీలు రాలేదు, ఒక చెయ్యి వేయమని కబురు పెట్టాడు. పొద్దున ఎనిమిదింటికి మడిలో దిగాను. పలచగా మబ్బు పట్టి ఉంది, సముద్రం మీది నుంచి గాలి ఆగకుండా వీస్తోంది. ఎండ ఉన్నట్టే అనిపించలేదు. చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, చేతుల్లేని బనియనుతోనే మధ్యాహ్నం రెండు దాకా చెక్కపలకతో ఉప్పు లాగాను. నా పక్క మడిలో ఆడవాళ్లు చీరల మీద మగవాళ్ల పొడుగుచేతుల చొక్కాలు తొడుక్కుని, తలకూ చెంపలకూ తువ్వాలు చుట్టుకుని పనిచేస్తున్నారు. వాళ్లలో ఒక పెద్దావిడ రెండుసార్లు పిలిచి మరీ చెప్పింది, "చొక్కా తొడుక్కో నాయనా, గాలి ఉందని నమ్మొద్దు" అని. ఆమె మాట వినాల్సింది.

సాయంత్రం బస్సెక్కేటప్పుడు కూడా బాగానే ఉన్నాను. రాత్రి ఎనిమిదింటికి మెడ వెనక చురుక్కుమంది. అద్దంలో చూసుకుంటే బనియను పట్టీల కింద రెండు గీతలు మామూలు రంగులో ఉన్నాయి, వాటికి అటూ ఇటూ భుజాలు ఎర్రగా, నల్లగా కందిపోయి ఉన్నాయి. గడ్డం కింద కూడా కమిలింది! తల వంచుకుని పనిచేసినవాడికి గడ్డం కింద ఎండ ఎలా తగిలిందా అనుకున్నాను. తెల్లటి ఉప్పు మీదా నీళ్ల మీదా పడిన వెలుగు తిరిగి పైకి కొట్టింది. మైపాడు ఇసకలోనూ ఇదే జరుగుతుంది. పొడి ఇసక, తన మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 15 శాతం దాకా వెనక్కి కొడుతుందట, అలల నురగ 25 శాతం దాకా. గొడుగు కింద కూర్చున్నంత మాత్రాన పిల్లలకు పూర్తి రక్షణ ఉందనుకోవద్దని అందుకే అంటున్నాను.

మనం చిన్నప్పటి నుంచి ఎండంటే వేడి అనుకున్నాం, బావా. వేడి వేరు, చర్మాన్ని కాల్చే ఈ అతినీలలోహిత కిరణాలు వేరు. గాలి వేడిని తీసేస్తుంది గానీ ఆ కిరణాలను ఆపలేదు. పలచని మబ్బూ ఆపలేదు. పైగా తగిలిన వెంటనే తెలియదు. మూడు నాలుగు గంటల తర్వాత మంట మొదలై, మర్నాటికి బాగా ముదురుతుంది. ఒళ్లు చుర్రుమన్నాక నీడకు వెళ్దాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టే.

ఆ రాత్రి ముందు చేసినవన్నీ పొరపాట్లే. స్నానాల గదిలో కుళాయి తిప్పితే డాబా మీది ట్యాంకు నీళ్లు ఇంకా వేడిగానే వచ్చాయి, వీపు భగ్గుమంది. మా ఆవిడ కంగారుపడి ఫ్రిజ్‌లోని ఐసుగడ్డ నేరుగా భుజానికి ఆనించింది. క్షణం హాయి, ఆ తర్వాత రెట్టింపు మంట. కమిలిన చర్మానికి ఐసు మరో దెబ్బ. అమ్మ ప్రేమగా వెన్న తెచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. మొదటిరోజు వెన్నా నెయ్యీ నూనే రాస్తే లోపలి వేడిని బయటికి పోనివ్వవు. పళ్లపేస్టు, నిమ్మరసం అని ఎవరైనా అంటే అసలు వినొద్దు.

చివరికి కాపాడింది వంటింట్లో మూలనున్న మంచినీళ్ల కుండ. అమ్మ, మా నాన్నగారి పాత నూలు పంచె ఒకటి తీసి, కుండనీళ్లలో ముంచి, నీళ్లు కారకుండా పిండి వీపు మీద పరిచింది. జిల్లుమనలేదు, మెల్లగా చల్లబడింది. అయిదు నిమిషాలకు తీసి చూస్తే పంచె వెచ్చగా ఉంది! నా ఒంట్లోని వేడి దానికెక్కింది. మళ్లీ ముంచడం, మళ్లీ పరవడం. ఒక్కోసారి పావుగంట, మధ్యలో కాస్త విరామం. రాత్రి పదకొండు దాకా అమ్మ అలాగే కూర్చుంది. ఎన్ని లేపనాలున్నా ఈ తడిబట్టకు సాటిరావని నాకు గట్టిగా అనిపించింది.

తర్వాత కలబంద. పెరట్లోది ఒక మట్ట కోయగానే చెక్కుకోవద్దు. కోసిన చివర కిందికి ఉండేలా గ్లాసులో నిలబెడితే పసుపుపచ్చటి రసం బొట్టుబొట్టుగా దిగుతుంది. అది కొందరికి దురద పుట్టిస్తుంది. పావుగంట దాన్ని కారనిచ్చి, కడిగి, ముళ్ల అంచులు తీసి, పై తోలు చీరితే లోపల అద్దంలా గుజ్జు కనిపిస్తుంది. ముందు మోచేతి దగ్గర కొద్దిగా రాసి చూసి, ఆ తర్వాత రుద్దకుండా అద్దాలి. గంధం కూడా పట్టించాం గానీ ఎండిపోయి చర్మాన్ని లాగిపట్టింది, కడిగేశాను. మజ్జిగ పైన రాయడం కన్నా తాగడమే మేలనిపించింది. ఉప్పేసిన మజ్జిగ, కొబ్బరినీళ్లు, తాటిముంజలు, ఇవే రెండు రోజుల ఆహారం.

మూడోనాడు భుజం మీద శనగగింజంత బొబ్బలు రెండు లేచాయి. డాక్టరుకు చూపించాను. చిదమవద్దన్నారు. పైనున్న ఆ పొరే పుండుకు కట్టులాంటిదట. బొబ్బలు ఒళ్లంతా లేచినా, జ్వరం, చలి, వాంతులు వచ్చినా, మనిషి తికమకగా మాట్లాడినా ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి రావాలన్నారు. అయిదోరోజుకు చర్మం ఉల్లిపొరలా లేచింది. లాగకుండా దానంతట అదే రాలిపోనిచ్చాను. మంట పూర్తిగా పోయాకే కొబ్బరినూనె రాసుకున్నాను.

డాక్టరు ఇంకో మాట అడిగారు, ఏమైనా మాత్రలు వాడుతున్నావా అని. మొటిమలకూ ఇచ్చే డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్ మాత్రలు వాడేవాళ్లు కొద్ది ఎండకే కమిలిపోతారట. నా ప్రాణం నా మేనకోడలి మీదికి పోయింది. మొటిమలకు ఏవో మాత్రలు వాడుతోందని పోయినసారి రాశావు కదా. వాటి పేరు చూసి, బయలుదేరే ముందే వాళ్ల డాక్టరును అడుగు. దీన్ని మాత్రం మరిచిపోవద్దు.

మైపాడు పోవద్దని కాదు. పాతిక కిలోమీటర్లే కాబట్టి తెల్లవారుజామున బయలుదేరి సూర్యోదయానికి ఒడ్డున ఉందాం. ఎనిమిదిన్నరకు తిరుగుముఖం పడదాం. కావాలంటే సాయంత్రం అయిదింటికి మళ్లీ వెళ్దాం. మన నీడ మనకన్నా పొట్టిగా ఉన్నంతసేపు ఇంట్లోనే. పిల్లలకు పొడుగుచేతుల నూలు చొక్కాలు, అంచు వెడల్పు టోపీలు తెండి. ఎండ క్రీము తెస్తే, దాని మీద ఎండను ఎంత ఆపుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె 30కి తగ్గనిది తెచ్చి, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి.

ఏ రోజు రైలెక్కుతున్నారో ముందుగా రాయి. అమ్మ ఇప్పటికే ఇంకో కుండ కొనిపించింది.

నీ బావ