మంత్రి గారూ, ఆ అక్షరాలను కాసేపు ఆగమనండి

రాష్ట్ర సమాచార, పౌర సంబంధాల శాఖ మంత్రి గారికి,

నమస్తే. వరంగల్ కొత్తవాడ నుంచి రాస్తున్నాను. పెళ్లి వీడియోలు, ఇరవై ఒకటో రోజు వీడియోలు, అప్పుడప్పుడు కోచింగ్ సెంటర్ల పాఠాలు ఎడిటింగ్ చేసుకుని బతికేదాన్ని. పింఛను కోసమో ఇల్లు కోసమో రాయడం లేదు. ప్రభుత్వం పెట్టే వీడియోల్లో కింద అక్షరాలు వస్తాయి కదా, క్యాప్షన్లంటారు, వాటి గురించి నాలుగు మాటలు చెప్పాలి. నాలుగంటే నాలుగే కావు, కొంచెం ఓపిక పట్టండి.

మా బాపు మహారాష్ట్రలోని భివండీలో మరమగ్గాల షెడ్లలో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. కొత్తవాడలో సగం ఇళ్లకు భివండీయో, షోలాపూరో, సూరతో ఏదో ఒకటి చుట్టరికం ఉంటుంది, మీకు తెలియనిది కాదు. షెడ్డులో మగ్గాలన్నీ ఒకేసారి ఆడుతుంటే పక్కన నిలబడ్డ మనిషి చెవిలో అరిచినా వినపడదట, అందుకని పనివాళ్లంతా సైగలతోనే మాట్లాడుకునేవాళ్లట. అంత చప్పుడు ఏళ్ల తరబడి పడితే చెవి లోపల సన్న వెంట్రుకల్లాంటి కణాలు చచ్చిపోతాయి, ఒకసారి పోతే అవి మళ్లీ రావు. బాపుకు అదే అయింది. మిషన్ పెట్టించాం. నాలుగు రోజులు పెట్టుకుని, "గోల పెద్దగైంది గని మాట తెలుస్తలేదు బిడ్డా" అని తీసి డబ్బాలో పెట్టేశాడు. చదువు మాత్రం బాగా వచ్చు, పేపరు తెరిస్తే టెండరు ప్రకటనలు కూడా వదలడు.

ఇప్పుడు 2023 జులై సంగతికి వస్తాను. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి తెల్లారేసరికి నీళ్లలో ఉంది, జనం ఇళ్ల మీదికెక్కి కూర్చుంటే హెలికాప్టర్లు రావలసి వచ్చింది. ఆ వారంలోనే మా ఊళ్లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అందరం టెన్షన్‌లో ఉన్నాం, కరెంటు పోతూ వస్తూ ఉంది, వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. ఒక అధికారి మాట్లాడుతున్నాడు, ఏ వాడల వాళ్లు ఖాళీ చేయాలి, ఎక్కడికి పోవాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి, అన్నీ చెబుతున్నాడు. పాపం క్యాప్షన్లు కూడా వేశారు. కానీ ఎలా వేశారు? ఒక్కో మాట ఎగిరొచ్చి, రంగు మారి, ఊగి, మాయమైపోతోంది. పసుపు అక్షరాలు, వెనకాల ఆయన వేసుకున్నది కూడా పసుపు రెయిన్‌కోటే. బాపు మూడుసార్లు చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని నాలుగోసారి చూశాడు. "ఏమంటున్నడే? ఒక్క అక్షరం ఆగ్తలేదు" అన్నాడు. నేను కరెంటు బిల్లు వెనక రాసిచ్చాను. ఖాళీ చేయాల్సిన వాడల్లో మాది లేదు, బతికిపోయాం, కానీ ఆ పూట నేను ఇంట్లో లేకపోతే ఆ సంగతి కూడా ఆయనకు తెలిసేది కాదు. ఆ వీడియో ఏ ఆఫీసు పెట్టిందో ఇక్కడ రాయను. ఒక్క ఆఫీసు జబ్బయితే నేను ఇంత ఉత్తరం రాసేదాన్ని కాదు.

నిజం ఒప్పుకోవాలి, ఆ ఎగిరే అక్షరాలు నేనూ వేశాను. పెళ్లికూతురు తరఫువాళ్లు "రీల్ లెక్క ఉండాలె అక్కా" అంటారు, యాప్‌లో ఒక్క బటన్ నొక్కితే అయిపోతుంది, వేసేశాను. వినేవాళ్లకు అది సరదా. వాళ్లు చెవితో వింటూ కంటితో ఆట చూస్తున్నారు. వినపడని మనిషికి మాత్రం అది ఆట కాదు, ఆయనకున్న ఒక్క దారి అదే.

ఇంగ్లిష్‌కు లేని బాధ మన తెలుగుకు ఇంకొకటి ఉంది. ఇంగ్లిష్ అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా కూర్చుంటాయి. మన వాటికి పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తుతో పాటు ఇంకో ఒత్తు. మీ లెటర్‌హెడ్ మీద ఉండే మాటే తీసుకోండి, 'రాష్ట్రం'. కంటికి రెండు అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో ఎనిమిది. అమెరికా టీవీల్లో క్యాప్షన్లు మొదలైనప్పుడు లైనుకు 32 అక్షరాలని పెట్టుకున్నారు, అది వాళ్ల అక్షరాలకు సరిపోయే లెక్క. అలాంటి లెక్కను తెలుగు మీద పెడితే లైను సగంలోనే తెగుతుంది. కొన్ని యాప్‌లయితే మాటను నడుమ నరికి పొల్లును పై లైన్లో, ఒత్తు కావలసిన అక్షరాన్ని కింది లైన్లో పడేస్తాయి. రెండు లైన్లు దగ్గరగా వేస్తే పై లైను ఒత్తులు కింది లైను గుడుల్లో దిగబడతాయి. ఇక అక్షరం చుట్టూ మందంగా నల్ల అంచు వేస్తారు చూడండి, దాంతో 'థ' పొట్టలో చుక్క మూసుకుపోతుంది, అది 'థ'నో 'ధ'నో మనం ఊహించుకోవాలి. ఊరి పేర్లు, మనుషుల పేర్లు ఊహించుకుని చదివితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

దీనికి పెద్ద ఖర్చేం లేదు. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, సన్నగా కాకుండా మరీ లావుగా కాకుండా కంటికి హాయిగా ఉంటాయి. నల్ల పట్టీ మీద తెల్ల అక్షరం వేయాలి, లైన్ల మధ్య ఇంగ్లిష్‌కు వదిలేదాని కంటే ఎక్కువ జాగా వదలాలి, ఒకసారికి రెండు లైన్లే. వెబ్ పేజీల కోసం ప్రపంచమంతా వాడే మార్గదర్శకాల్లో మామూలు సైజు అక్షరానికీ దాని వెనక రంగుకూ కాంతి తేడా కనీసం 4.5కు 1 ఉండాలని ఉంది, అది చూసే పరికరాలు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. పసుపు కోటు మీద పసుపు అక్షరం ఆ పరీక్షలో మొదటి నిమిషంలోనే ఫెయిల్. ఇంకో సంగతి, అక్షరాలను మరీ అడుగున పెట్టకండి. అక్కడ ఫోన్‌లో లైకు, షేరు బటన్లు వస్తాయి, టీవీలో స్క్రోలింగ్ నడుస్తుంది, మన వీడియోల్లో శాఖ లోగో, మంత్రుల ఫోటోలు కూడా అక్కడే ఉంటాయి (కోపం తెచ్చుకోకండి).

వేగం విషయానికి వస్తే, బీబీసీ వాళ్లు నిమిషానికి 160 నుంచి 180 మాటల లెక్క చెబుతారు. ఆ లెక్క మనకు పనికిరాదు. 'వెళ్లాల్సివచ్చిందంటున్నారు' అని మనం ఒక్క మాటలో అనేది ఇంగ్లిష్‌లో ఒక వాక్యం. మాటల్ని కాదు, అక్షరాల్ని లెక్కపెట్టాలి, అదీ కంటికి కనిపించే అక్షరాల్ని. నేను బాపు ముందు ఫోన్ పెట్టి రకరకాలుగా చూశాను. నిండుగా ఉన్న రెండు లైన్లకు ఆయనకు ఐదు సెకన్లు కావాలి. నాలుగిస్తే రెండో లైను సగంలో వదిలేస్తాడు. ఇది ఒక్క ముసలాయన లెక్క, శాస్త్రం కాదు, కానీ ఆ పసుపు వీడియోలో ఒక్కో మాటకు అర సెకను కూడా ఇవ్వలేదు.

భాష గురించి ఒకటి గట్టిగా చెప్పాలి. మనిషి "వస్తలేరు" అంటే కింద "రావడం లేదు" అని దిద్ది రాస్తున్నారు. ఎందుకండీ? వినపడనివాళ్లలో చాలామంది పెదాలు కూడా చూస్తారు. బాపు అయితే రెండూ కలిపి చూసి అర్థం చేసుకుంటాడు. "నోరొకటంటాంది, రాత ఒకటంటాంది, దేన్ని నమ్మాలె?" అన్నాడొకసారి. పొడుగైతే కుదించండి, తడబడితే వదిలేయండి, అంతేగానీ ములుగు రైతు మాటను పుస్తకంలో పాఠం చేయకండి. అలాగే సైరన్ మోగితే 'సైరన్' అని రాయండి, తెర మీద లేని మనిషి మాట్లాడితే ఎవరో రాయండి. అవి లేకపోతే అది మాటలు రాసిన కాగితమే తప్ప పూర్తి క్యాప్షన్ కాదు.

పుట్టుకతోనే వినపడని పిల్లల సంగతి వేరే. వాళ్లలో చాలామందికి మొదటి భాష సైగభాష, తెలుగు చదవడం తర్వాత నేర్చుకున్నదే. వాళ్లకు క్యాప్షన్ ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు, సైగలు చేసే మనిషీ కావాలి. ఆ మనిషిని కూడా చేతులు కనిపించేంత పెద్దగా చూపించాలి, పోస్టల్ స్టాంపంత డబ్బాలో కాదు.

యంత్రాలే రాసేస్తున్నాయి కదా అంటారు. నేనూ వాడతాను, సగం పని తగ్గుతుంది. మిగతా సగంలోనే ప్రాణం ఉంటుంది. మా దిక్కు మాట వినగానే వాటికి తికమక, ఊరి పేర్లకు మరీ తికమక. ఒక పాఠంలో 'మోరంచ' అన్నది 'మూరెడంచు' అని వచ్చింది, నవ్వుకున్నాను, కానీ అదే వరద వీడియో అయితే నవ్వు రాదు. కాబట్టి ఒక మనిషి మొదటి నుంచి చివరి దాకా చూసి దిద్దాలి. ఊరి పేర్లు, ఫోన్ నంబర్లు, తేదీలు రెండుసార్లు చూడాలి.

మరో చిన్న చిక్కు ఉంది, పని చేసేవాళ్లకే తెలుస్తుంది. ప్రెస్ నోట్లు చాలా చోట్ల ఇంకా అను ఫాంట్లలోనే కొడుతున్నారు. అది తెరమీద తెలుగులా కనిపిస్తుంది గానీ లోపల తెలుగు కాదు, ఇంగ్లిష్ కోడ్లకు తెలుగు వేషం. దాన్ని తెచ్చి క్యాప్షన్ ఫైల్లో (ఏ మాట ఎప్పుడు తెరమీదికి రావాలో రాసే ఫైలు) పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. ఏ ఫోనైనా, కంప్యూటరైనా తెలుగును తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతి యూనికోడ్. యూనికోడ్‌లో కొట్టి, ఫైలును యూటీఎఫ్-8గా సేవ్ చేయాలి, లేదంటే అన్నీ ప్రశ్నార్థకాలే. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. ముప్పై ఏళ్లు దాటింది మంత్రి గారూ, ఇంకా అను దగ్గరే ఉన్నాం.

చట్టం గురించి నేను మీకు చెప్పేంతదాన్ని కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్‌లో ఆడియో వర్ణన (చూపు లేనివాళ్లకు తెరమీద జరిగేది మాటల్లో చెప్పడం), సైగభాష, క్యాప్షన్లు మూడూ ఉన్నాయి. 2019లో కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ కార్యక్రమాలకు ప్రమాణాలు ఇచ్చింది. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు ఈ విషయాల్లో సలహాలు చాలవు, తప్పనిసరిగా పాటించాల్సిన నియమాలు రాయమని కేంద్రానికి చెప్పింది. అన్నీ బాగున్నాయి. కానీ ట ఒత్తు కింద ఎంత జాగా వదలాలో ఢిల్లీ వాళ్లు వచ్చి చెబుతారా? అది మనం రాసుకోవాల్సిందే. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్లు 50 లక్షలని రాశారు. మా బాపు అందులో లేడు, అప్పుడు అడిగితే "నాకేం చెవుడు లేదు" అని పంపించేశాడు.

నేను అడిగేది ఇంతే. తెలుగు క్యాప్షన్ ఎలా ఉండాలో ఒక్క పేజీ రాయించండి, ఒక్క పేజీయే, నలభై పేజీలైతే ఎవరూ చదవరు. రాసేటప్పుడు వినపడనివాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. వీడియోలు చేసే ఏజెన్సీకి బిల్లు పాస్ చేసేముందు క్యాప్షన్ ఫైల్ అడగండి, లేకపోతే బిల్లు ఆపండి. మా లాంటి ఎడిటర్లం దేనికి వింటామో నాకు తెలుసు, బిల్లు ఆగితే వింటాం. యూట్యూబ్‌లో పెట్టేదానికి ఫైలు విడిగా ఇస్తే చూసేవాళ్లు అక్షరం సైజు పెంచుకోవచ్చు, వాట్సాప్‌లో ఆ సౌకర్యం ఉండదు కాబట్టి దానికి వీడియో మీదే పెద్దగా అచ్చేయాలి, అంటే రెండు కాపీలు. ముందు వరద, తుఫాను హెచ్చరికలు, ఆ తర్వాత ప్రభుత్వ విద్యా ఛానల్ టీ-శాట్ పాఠాలు. మేడారం జాతరలో మైకులో తప్పిపోయినవాళ్ల పేర్లు చదువుతారు కదా, అవే పేర్లు తెరమీద కూడా పెద్దగా వేయించండి, అంత గోలలో చెవులున్నవాళ్లకూ అక్కరకొస్తుంది.

వీడియో బయటికి వదిలేముందు మీ ఆఫీసులోనే ఒక పరీక్ష పెట్టొచ్చు. చిన్న ఫోన్లో పెట్టి, సౌండ్ తీసేసి, చేయి చాచినంత దూరంలో పట్టుకుని, అరవై దాటిన ఎవరికైనా చూపించండి. అటెండర్ కావచ్చు, డ్రైవర్ కావచ్చు. చూశాక ఏమర్థమైందో అడగండి.

ఎవరూ దొరక్కపోతే మా బాపు ఉన్నాడు. పొద్దున పూట ఇంట్లోనే ఉంటాడు, పేపరు చదువుతూ. వచ్చినప్పుడు తలుపు కొట్టకండి, వినపడదు. గుమ్మం పక్కన స్విచ్ ఉంటుంది, అది నొక్కితే లోపల ఎర్ర బల్బు వెలుగుతుంది, లేచి వస్తాడు.

ఇట్లు,
కొత్తవాడ నుంచి ఒక వీడియో ఎడిటర్